ఇల్లూ పిల్లల మధ్య నుంచి మళ్లీ నర్సింగ్ కాలేజీకి: పాత జీఎన్‌ఎంతో పోస్ట్ బేసిక్‌లో చేరడం ఎలా

జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) పూర్తిచేసి, రెండు మూడేళ్లు వార్డులో చేసి, పెళ్లీ కాన్పులూ అయ్యాక ఎనిమిదేళ్లో పన్నెండేళ్లో ఇంటిపట్టున ఉండిపోయినవాళ్లు మళ్లీ చదవాలనుకున్నప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అంతా మర్చిపోయాను, ఇప్పుడు బుర్రకెక్కుతుందా?" ఎక్కుతుంది. సిరంజి పట్టిన చెయ్యి దాన్ని అంత తేలిగ్గా మర్చిపోదు, పుస్తకం కూడా నాలుగైదు నెలల్లో దారికొస్తుంది. దెబ్బతీసేవి వేరే రెండున్నాయి: కాలం తీరిపోయిన రిజిస్ట్రేషన్, చాలని హాజరు. రెండూ తెలివితేటలతో పనిలేనివే, ముందుగా పట్టించుకుంటే రెండూ మీ చేతిలోవే. కోర్సు మొదలయ్యే నాటికి కనీసం పది నెలల ముందు పని మొదలుపెట్టండి.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

జీఎన్‌ఎం చేసి, నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ (కాన్పులు చేసే నర్సు) రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై, ఇంటర్ పాసై ఉంటే మీ దారి పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. రెండేళ్ల రెగ్యులర్ కోర్సు. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ కోర్సు) చేసి ఆగిపోయినవాళ్లు ముందు మూడేళ్ల జీఎన్‌ఎం చేయాలి. జీఎన్‌ఎంకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన గరిష్ఠ వయసు 35 ఏళ్లు. ఏఎన్‌ఎంలకు మాత్రం కౌన్సిల్ ఆ పరిమితి పెట్టలేదు. ఈ సంగతి తెలియక వయసు దాటిపోయిందని ఆశ వదులుకున్నవాళ్లు చాలామంది. జీఎన్‌ఎం మధ్యలో ఆపేసి ఏళ్లు గడిచినవాళ్లు మాత్రం పాత సంవత్సరం లెక్కలోకి వస్తుందన్న ధీమాతో ఉండకండి. ఆ కాలేజీలోనూ కౌన్సిల్‌లోనూ రాతపూర్వకంగా అడిగాకే ముందుకెళ్లండి.

నాన్నలకు ఒక మాట. పాత సిలబస్‌లో మగవాళ్లకు మిడ్‌వైఫరీ లేదు. అలా చదివినవారు దాని బదులు అంతే కాలం ఆపరేషన్ థియేటర్, సైకియాట్రీ, కమ్యూనిటీ హెల్త్, ఆర్థోపెడిక్, క్యాన్సర్ నర్సింగ్ లాంటి వాటిలో ఏదో ఒకదానిలో కౌన్సిల్ ఆమోదించిన శిక్షణ పొందినట్టు కాగితం చూపాలి. అది ఇంట్లో ఏ ట్రంకు పెట్టెలో ఉందో ఇప్పుడే వెతకండి.

"దూరవిద్యలో చేస్తే ఇంట్లో ఉండే చదువుకోవచ్చు కదా" అని చాలామందికి అనిపిస్తుంది. ఇగ్నో పోస్ట్ బేసిక్ కోర్సు ఉంది, కనీసం మూడేళ్లు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. కానీ అది ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం పెట్టినది. రిజిస్ట్రేషన్ తర్వాత కనీసం రెండేళ్ల అనుభవంతో పాటు ప్రస్తుతం పనిచేస్తూ ఉండాలి. ఇంటిపట్టున ఉన్నవారికి అది నేరుగా కుదరదు. దగ్గర్లోని ఆసుపత్రిలో ముందు ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత దరఖాస్తు చేయడం ఒక మార్గం.

ఇంకో ప్రశ్న కూడా నిజాయతీగా వేసుకోండి: డిగ్రీ అవసరమా, ఉద్యోగం అవసరమా? ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరడమే లక్ష్యమైతే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుని చేరిపోవడం చవక, త్వరగా అవుతుంది. కాలేజీలో బోధన, ఎమ్మెస్సీ నర్సింగ్, పెద్ద ఆసుపత్రుల్లో ఇన్‌చార్జి స్థాయి లాంటివి మనసులో ఉంటేనే ఈ రెండేళ్లకు అర్థం. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం కోసమే చదువుతున్నాం అనుకునేవారు ఒకటి చూసుకోవాలి: ఆ ఉద్యోగాల పరీక్ష నార్‌సెట్‌కు జనరల్ కేటగిరీలో గరిష్ఠ వయసు 30, రిజర్వేషన్ సడలింపులు వేరు. రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకు వయోపరిమితి అంతకంటే ఎక్కువే ఉంటూ వస్తోంది. ఏ నోటిఫికేషన్‌కు ఆ నోటిఫికేషనే చూసుకోవాలి.

రిజిస్టర్‌లో మీ పేరు బతికుందా?

ఇదే మొదటి పని. పుస్తకాలు కొనడం కంటే ముందు, కాలేజీ చూడటం కంటే ముందు.

రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. ఆ ఐదేళ్లలో 150 గంటల సీఎన్‌ఈ, అంటే నర్సులకు జరిగే నిరంతర విద్యా తరగతులు, పూర్తిచేసినట్టు చూపాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఆసుపత్రే ఏర్పాటు చేస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్లు తామే వెతుక్కోవాలి. దగ్గర్లోని నర్సింగ్ కాలేజీలు, నర్సుల సంఘాలు నిర్వహించే ఒకరోజు వర్క్‌షాపులకు వెళ్లండి. ఫీజు కట్టే ముందు "దీనికి మన రాష్ట్ర కౌన్సిల్ క్రెడిట్ అవర్స్ ఉన్నాయా, సర్టిఫికెట్ మీద ఆ సంఖ్య వేస్తారా?" అని అడగండి. ఆ సంఖ్య లేని సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు.

రెన్యూవల్ ఎన్నేళ్లుగా ఆగిందో బట్టి ఆలస్య రుసుము ఉంటుంది. అది కట్టేస్తే చాలు అనుకుని ఊరుకోవద్దు, దానితో పాటు ఏ కాగితాలు కావాలో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసి ఒకేసారి పంపండి. ఒక్క కాగితం తక్కువై దరఖాస్తు వెనక్కొస్తే వారాలు పోతాయి.

2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో చదివినవాళ్లకు ఇంకో ముడి ఉంది. అప్పటి రిజిస్ట్రేషన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌ది. ఇప్పుడు రెండు రాష్ట్రాలకు రెండు కౌన్సిళ్లు. మీ ఊరు ఒక రాష్ట్రంలో, అత్తవారి ఊరు ఇంకో రాష్ట్రంలో ఉంటే, మీరు చేరబోయే కాలేజీ ఏ రాష్ట్రంలో ఉందో ఆ కౌన్సిల్ దగ్గర మీ పేరు ఉండాలా, పాతదే చెల్లుతుందా అన్నది ముందే తేల్చుకోండి. కర్ణాటకలోనో తమిళనాడులోనో జీఎన్‌ఎం చేసి అక్కడే నమోదైనవారైతే, అక్కడి కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తెప్పించుకుని ఇక్కడ నమోదు చేయించుకోవాలి. రెండు కౌన్సిళ్ల మధ్య ఉత్తరాలు నడిచే వ్యవహారం కాబట్టి ఎంత తొందరపడినా నెలలు పట్టవచ్చు.

రెన్యూవల్‌తో పాటు ఎన్‌యూఐడీ తీసుకోండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దేశమంతటికీ ఒకే రిజిస్టర్ పెట్టి, ఆధార్‌తో జతచేసి ప్రతి నర్సుకూ ఇచ్చే సంఖ్య అది. చదువు మానేసిన కాలంలో వచ్చిన పద్ధతి కాబట్టి పాతవాళ్ల దగ్గర సాధారణంగా ఉండదు. అడ్డంకి ఇక్కడే వస్తుంది: టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఒక చోట "లక్ష్మీ", ఇంకో చోట "లక్ష్మి" అని ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు ఆగుతుంది. ఆధార్ పేరును టెన్త్ మెమోకు సరిపోయేలా దిద్దించడమే చాలామందికి సులువైన దారి. ఎందుకంటే ఇంటర్, జీఎన్‌ఎం, రిజిస్ట్రేషన్ అన్నీ ఆ పేరుమీదే ఉంటాయి. ఒక్క ఆధార్ మార్చడానికి బదులు నాలుగు సర్టిఫికెట్లు మార్చాలని చూడకండి. అయితే బ్యాంకు ఖాతా, పాన్ కూడా అదే పేరుకు రావాలని గుర్తుంచుకోండి, లేకపోతే లోన్ దగ్గర మళ్లీ తగులుకుంటుంది.

కాగితాల సంచి

టెన్త్, ఇంటర్ మెమోలు, జీఎన్‌ఎం ప్రతి సంవత్సరం మార్కుల మెమోలు, డిప్లొమా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, చివరగా చదివిన కాలేజీ టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, పాత ఆసుపత్రి ఇచ్చిన అనుభవ పత్రాలు. వీటిలో రెండింటి దగ్గరే ఇబ్బంది. స్టడీ సర్టిఫికెట్లు స్థానికత తేల్చడానికి అడుగుతారు. మీరు చదివిన చిన్న ప్రైవేటు స్కూలు ఈపాటికి మూతపడి ఉండొచ్చు. అలాంటప్పుడు మండల విద్యాధికారి కార్యాలయంలో రికార్డుల గురించి అడగాలి, ఇది సెలవుల్లో జరిగే పని కాదు. ఆదాయం సర్టిఫికెట్ తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో తీసుకోవచ్చు. దాన్ని మరీ ముందు తీసుకుంటే గడువు తీరిపోతుంది, నోటిఫికేషన్‌కు నెలా రెండు నెలల ముందు చాలు.

ఏళ్ల విరామానికి కాలేజీలు గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయి. స్టాంపు పేపరు మీద ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ఏ కోర్సులోనూ చేరలేదనీ, కుటుంబ బాధ్యతల వల్ల ఇంట్లో ఉన్నాననీ రాసి నోటరీ చేయించాలి. మధ్యలో ఆరు నెలలు క్లినిక్‌లో పనిచేసి ఉంటే అది కూడా రాయండి, దాచాల్సింది ఏమీ లేదు.

అన్నింటినీ స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి, ఆరు సెట్లు జిరాక్స్ తీయించండి. కౌన్సెలింగ్‌లో ఒరిజినల్స్ ఇచ్చేశాక అవి మీ చేతికి రావడం కోర్సు అయ్యాకే.

కాలేజీ ఎంపిక

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పోస్ట్ బేసిక్‌కు నోటిఫికేషన్ ఇస్తాయి. దరఖాస్తు గడువు పొట్టిది కాబట్టి వారానికోసారి ఆ వెబ్‌సైట్లు చూస్తుండండి. వయసును ఏ తేదీ నాటికి లెక్కిస్తారో నోటిఫికేషన్‌లో ముందు అదే చదవండి.

కాలేజీని మూడు జాబితాల్లో వెతకాలి: విశ్వవిద్యాలయ అనుబంధ కాలేజీలు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతించినవి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితా. బీఎస్సీకి అనుమతి ఉన్న కాలేజీకి పోస్ట్ బేసిక్‌కు కూడా ఉంటుందని లేదు, కోర్సు పేరు ఎదురుగా ఈ ఏడాది సీట్ల సంఖ్య కనిపించాలి.

పిల్లలున్నవాళ్ల దగ్గరకు ప్రత్యేకంగా వచ్చే బేరం ఒకటుంది. "మేడమ్, మీరు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, పక్క రాష్ట్రంలో కాలేజీ, అటెండెన్స్ మేం చూసుకుంటాం." నాన్-అటెండింగ్ అని దీనికి పేరు. దీనికి ఎంత తక్కువ అడిగినా వద్దు. డిగ్రీ వచ్చాక దాన్ని అదనపు అర్హతగా రిజిస్టర్‌లో ఎక్కించడానికి కౌన్సిల్‌కు వెళ్తే అక్కడ ఆగుతుంది. డబ్బు పోయిందని కేసు పెట్టడానికి కూడా మీకు ముఖం ఉండదు. పైగా రేపు ఐసీయూలో వెంటిలేటర్ అలారం మోగినప్పుడు ఆ సర్టిఫికెట్ ఏమీ చేయదు.

కాలేజీకి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌ను కాదు, రెండో ఏడాది విద్యార్థినులను పక్కకు పిలిచి అడగండి. పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, బస్సు ఎన్ని గంటలకు బయల్దేరుతుంది, నైట్ డ్యూటీలు ఎన్ని పడతాయి, హాస్టల్ తప్పనిసరా, కమ్యూనిటీ పోస్టింగ్‌కు పల్లెలో ఉండాలా, రోజూ వెళ్లిరావచ్చా. ఇంటి నుంచి కాలేజీకి పది కిలోమీటర్లే అయినా ఆసుపత్రి ఇంకో మూలన ఉంటే మీ ఉదయాలన్నీ ఆ దూరమే మింగేస్తుంది. మానసిక ఆరోగ్యం పోస్టింగ్‌కైతే చాలా కాలేజీలు వేరే నగరానికి పంపుతాయి. ఆ వారాల్లో పిల్లలు ఎవరి దగ్గర ఉంటారన్నది చేరే రోజే తెలియాలి.

డబ్బు

ఫీజుకు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న లెక్కతో చేరకండి. స్కాలర్‌షిప్ పథకాల్లో వయసు, కుటుంబ ఆదాయం నిబంధనలుంటాయి. మీకు వర్తిస్తుందని కాగితం మీద చూసుకున్నాకే ఆ మొత్తాన్ని ఖర్చులోంచి తీసేయండి. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం విద్యా రుణంలో 4 లక్షల వరకు మీ వాటా డబ్బు పెట్టనక్కర్లేదు. 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే హామీ పథకం ఉంది. కోర్సు అయ్యాక ఒక ఏడాది వరకు కిస్తీలు మొదలుకావు, కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వీలైతే నెలనెలా వడ్డీ కట్టేయండి. మీవారు పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే, రుణం ఆయన పేరున తీసుకుంటే కట్టిన వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుంది.

ఫీజుకు ఆవల లెక్క మర్చిపోతారు: రెండు మూడు జతల యూనిఫాం, బూట్లు, రికార్డు పుస్తకాలు, పరీక్ష ఫీజులు, రోజూ బస్సు, పిల్లల్ని చూసే మనిషికి ఇచ్చేది. ఈ చివరిదే పెద్దది. దీన్ని ఫీజుతో సమానంగా పక్కన పెట్టండి.

ఒంటికి సంబంధించిన గడువు

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: ఈ రోజు ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు, టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్ రక్త పరీక్ష. 10 లేదా అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్టు. మొత్తం లెక్కిస్తే ఏడెనిమిది నెలలు. అందుకే పది నెలల ముందు మొదలుపెట్టమన్నది. పాత టీకా కార్డు ఉంటే మళ్లీ మూడూ వేయించనక్కర్లేదు, ముందు యాంటీ-హెచ్‌బీఎస్ చేయించి, ఫలితం డాక్టరుకు చూపండి. ఆటలమ్మ చిన్నప్పుడు రాకపోయి, టీకా లేకపోతే దాని గురించీ అడగండి, పిల్లల వార్డులో పడతారు.

చెయ్యి, బుర్ర మళ్లీ దారికి

వీలుంటే చేరడానికి ముందు మూడు నెలలు దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో పగటి డ్యూటీకి వెళ్లండి. జీతం చూసుకోవద్దు. క్యాన్యులా పెట్టడం, బీపీ చూడటం, రాత్రి సిస్టర్‌కు హ్యాండోవర్ ఇవ్వడం, నిలబడి ఆరు గంటలు పనిచేయడం కాళ్లకు అలవాటు కావడం కోసం.

మీరు చదివిన తర్వాత మారినవి చాలా ఉన్నాయి. పాత నోట్సు తెరిచి అవే వల్లెవేస్తే పరీక్షలో తప్పు, వార్డులో ప్రమాదం. ముఖ్యమైనవి ఇవి.

సీపీఆర్‌లో ఏ-బీ-సీ (శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ) వరుస పోయి 2010 నుంచి సీ-ఏ-బీ అయింది. ముందు ఛాతీ నొక్కడం. నిమిషానికి 100 నుంచి 120, పెద్దవాళ్లలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. ఇంట్లో గట్టి దిండు మీద ఫోన్‌లో మెట్రోనోమ్ 110కి పెట్టుకుని రెండు నిమిషాలు నొక్కండి. రెండో నిమిషంలో వేగం తగ్గుతున్నది మీకే తెలుస్తుంది.

ఆసుపత్రి వ్యర్థాలకు 2016 నిబంధనలు వచ్చాయి. పాత నల్ల సంచి లెక్క మర్చిపోండి. రక్తం అంటిన దూది, కట్లు, కాలం తీరిన మందులు పసుపు. ఐవీ సెట్లు, కాథెటర్లు, సూది తీసిన సిరంజిలు, గ్లోవ్స్ ఎరుపు. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బా. గాజు సీసాలు, లోహపు ఇంప్లాంట్లు నీలం. గ్లోవ్స్‌ను పసుపులో వేయడం పాతవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

టీకాల పట్టికలో డీపీటీ మూడు ప్రాథమిక డోసుల స్థానంలో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) వచ్చింది. రోటా (విరేచనాలకు), పీసీవీ (న్యుమోనియాకు), ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) చేరాయి, మీజిల్స్ టీకా ఎంఆర్ (మీజిల్స్-రుబెల్లా) అయింది. క్షయలో రోజు విడిచి రోజు మందులు పోయి, బరువును బట్టి రోజూ వేసుకునే కలయిక మాత్రలు వచ్చాయి. కార్యక్రమం పేరు కూడా 2020లో ఎన్‌టీఈపీగా (జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం) మారింది. కాన్పులో బిడ్డ పుట్టిన ఒక నిమిషంలోపు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు, ఏడుస్తూ బాగున్న బిడ్డకు బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరించడం. పాత పార్టోగ్రాఫ్ (కాన్పు సాగే తీరు గీసే పట్టిక) గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలయ్యేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో చురుకైన దశ 5 నుంచి. రెండూ తెలిసి ఉండాలి, మీ ట్యూటర్ ఏ పుస్తకం నుంచి చెబుతున్నారో పరీక్షలో అదే రాయాలి. మానసిక ఆరోగ్యానికి 1987 చట్టం పోయి 2017 చట్టం వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరాలకు 2012 పోక్సో ఉంది.

ఇక లెక్కలు. ఐవీ చుక్కలు: మిల్లీలీటర్లను సెట్ చుక్కల సంఖ్యతో గుణించి, నిమిషాలతో భాగించాలి. 500 మి.లీ. 4 గంటల్లో, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్ అయితే 500×20÷240, అంటే 41.6, నిమిషానికి 42 చుక్కలు. సెట్ కవరు మీద 15 అని ఉంటే అదే ద్రవానికి 31. కవరు చదవకుండా 20 అనుకోవడం దగ్గరే తప్పు వస్తుంది.

ఇన్సులిన్ దగ్గర మాత్రం తొందరవద్దు. మన దగ్గర 40 యూనిట్ల వయల్ ఇంకా ఉంది, అంటే 1 మి.లీ.లో 40 యూనిట్లు. దాని సిరంజి ఎర్ర మూత. 100 యూనిట్లదానికి నారింజ మూత. 20 యూనిట్లు ఆర్డరు ఉంది, 40 వయల్, చేతిలో నారింజ మూత సిరంజి. 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అందులో ఉన్నది 8 యూనిట్లే. రోగి షుగర్ తగ్గదు, డాక్టరు డోసు పెంచుతారు. తలకిందులుగా జరిగితే మరీ ప్రమాదం: 100 మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 0.5 మి.లీ., అది 50 యూనిట్లు. రోగి తెల్లారేసరికి చెమటలు పట్టి స్పృహ తప్పుతాడు. వయల్ మీద సంఖ్య, సిరంజి మీద సంఖ్య రెండూ బయటికి చదివి పక్క సిస్టర్‌కు చూపించడం మళ్లీ అలవాటు చేసుకోండి. నామోషీ పడేదేమీ లేదు.

హాజరు లెక్క, ఇంటి లెక్క

ఇక్కడే ఎక్కువమంది జారతారు. కౌన్సిల్ నిబంధన ప్రకారం ప్రతి సబ్జెక్టులో, థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ విడివిడిగా 80 శాతం ఉండాలి, కారణం ఏదైనా సరే. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినా రాని రోజు రానట్టే. పైగా డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు పూర్తికావాలి, పోయినవి తర్వాత వచ్చి తీర్చాలి.

దీన్ని ఇంటి భాషలోకి మార్చుకోండి. మొదటి ఏడాది మెడికల్ సర్జికల్ థియరీ 90 గంటలు. మీరు పోగొట్టుకోగలిగింది 18. మైక్రోబయాలజీ 60 గంటలు, పోగొట్టుకోగలిగింది 12. న్యూట్రిషన్ 30 గంటలే, మీ చేతిలో ఉన్నవి 6. ఈ న్యూట్రిషన్ క్లాసు వారంలో ఒకే రోజు రెండు గంటలు పెడితే, మూడు సార్లు ఆ రోజే బిడ్డకు జ్వరం వస్తే మీ ఖాతా ఖాళీ. నాలుగోసారి పరీక్షకు దూరం. మెడికల్ సర్జికల్ ప్రాక్టికల్ 270 గంటలు, ప్రసూతి 240, పిల్లల నర్సింగ్ 240. కాబట్టి చిన్న సబ్జెక్టు ఏ రోజు ఉందో ఆ రోజును ఏ చుట్టం పెళ్లికీ ఇవ్వకండి. నోటు పుస్తకం వెనక పేజీలో సబ్జెక్టుకో గీత గీసి, పోయిన గంటలు మీరే రాసుకోండి. కాలేజీ వాళ్లు చెప్పేసరికి ఆలస్యం అవుతుంది.

కోర్సు మొదట్లోనే ఏ వారం ఏ వార్డో, ఏ క్లాసో చెప్పే ఏడాది మొత్తం రొటేషన్ ప్లాన్ అడిగి తీసుకుని, ఇంట్లో బీరువా తలుపుకు అంటించండి. దాని మీద పిల్లల పరీక్షలు, సెలవులు వేరే రంగుతో రాయండి. రెండూ ఒకే వారం పడ్డ చోట గుండ్రం చుట్టండి. ఆ వారాలకు అమ్మనో అత్తనో రమ్మనడానికి రైలు టిక్కెట్లు ముందే తీయాలి.

పిల్లలకు ఒక మనిషి చాలదు, ఇద్దరుండాలి. రోజూ చూసేవాళ్లు ఒకరు, వాళ్లు రాలేని రోజు వచ్చేవాళ్లు ఒకరు. మూడేళ్లు దాటిన బిడ్డకు దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే చూడండి, ఆరేళ్ల వరకు తీసుకుంటారు. కానీ అది ఎన్ని గంటల దాకా ఉంటుందో కనుక్కుని మిగతాది కుదుర్చుకోండి. స్కూల్లో మీ నంబరు ఒక్కటే ఇవ్వకండి. లేబర్ రూమ్‌లో, థియేటర్‌లో ఫోన్ మీ దగ్గర ఉండదు. "ఈ నంబరుకు ముందు చేయండి" అని ఇంకొకరిది రాయించండి.

కాలేజీ తెరిచే ముందు పదిహేను రోజులు రిహార్సల్ వేయండి. నాలుగున్నరకు లేచి గంటన్నర చదవడం, వంట, టిఫిన్ డబ్బాలు, ఆరూ నలభై అయిదుకు గుమ్మం దాటడం. నిజంగానే బయటికి వెళ్లి బస్సెక్కి ఆసుపత్రి దాకా పోయి రండి. ఏది కుదరదో ఆ పదిహేను రోజుల్లోనే బయటపడుతుంది. ఇంట్లోవాళ్లకు "నాకు సాయం చేయండి" అని చెబితే ఎవరూ చేయరు. "సోమ, బుధ, శుక్రవారాల్లో రాత్రి అంట్లు, పిల్లల హోంవర్కు మీవి" అని చెప్పండి.

వార్డు నుంచి వచ్చాక చెప్పులు బయటే, స్నానం చేసి బట్టలు మార్చాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. యూనిఫాంకు వేరే బకెట్. చంటిబిడ్డ ఉంటే ఇది నియమం.

క్లాసులో, వార్డులో

మీ పక్కన కూర్చునేవాళ్లు నిన్నమొన్న జీఎన్‌ఎం పూర్తిచేసిన పిల్లలు, మిమ్మల్ని అక్కా అంటారు. చెప్పే ట్యూటర్ మీకంటే పదేళ్లు చిన్న కావచ్చు. అయినా మేడమ్ అనే పిలవండి, "మా రోజుల్లో ఇలా చేసేవాళ్లం" అన్న మాట మొదటి నెల అస్సలు వద్దు. ఆ పిల్లల దగ్గర కొత్త ప్రోటోకాల్ ఉంది, మీ దగ్గర రోగితో మాట్లాడే నేర్పు ఉంది. ఇచ్చిపుచ్చుకోండి.

రికార్డులే అసలు భారం. కేర్ ప్లాన్, కేస్ స్టడీ, డ్రగ్ ఫైల్, ప్రొసీజర్ పుస్తకం. వీటిని పోస్టింగ్ అయ్యాక రాద్దాం అనుకుంటే రోగి డిశ్చార్జి అయిపోతాడు, ల్యాబ్ విలువలు దొరకవు. డ్యూటీ అయిన రోజే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని అరగంటలో వివరాలు చిత్తుగా రాసుకోండి, ఆదివారం సాఫుగా ఎక్కించండి. నర్సింగ్ డయాగ్నోసిస్‌ను మూడు ముక్కలుగా రాయండి: సమస్య, దానికి కారణం, కనిపిస్తున్న ఆధారం. "న్యుమోనియా" అని రాస్తే అది డాక్టరు డయాగ్నోసిస్. "కఫం గట్టిపడి పేరుకోవడం వల్ల శ్వాసమార్గం శుభ్రపడటం లేదు, ఆధారం: గరగర శబ్దం, నిమిషానికి 32 శ్వాసలు" అన్నది మీది. ఆధారం దగ్గర అంకె లేకపోతే ట్యూటర్ ఎర్ర సిరా తీస్తారు.

పరీక్షలు

ప్రతి పేపర్లో 50 శాతం రావాలి, థియరీ ప్రాక్టికల్ విడివిడిగా. ఎక్కువ పేపర్లకు 25 ఇంటర్నల్, 75 విశ్వవిద్యాలయానివి. ఇంటర్నల్‌ను తేలిగ్గా తీసుకోవద్దు, అక్కడ 20 తెచ్చుకుంటే బయట ఒత్తిడి తగ్గుతుంది.

జవాబులు ఇంగ్లిష్‌లో రాయాలి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇదొక గోడ. పెద్ద వాక్యాలు అక్కర్లేదు. ప్రతి జబ్బుకూ ఒకే వరుస పెట్టుకోండి: నిర్వచనం, కారణాలు, జబ్బు పుట్టే తీరు, లక్షణాలు, పరీక్షలు, వైద్యం, నర్సింగ్ మేనేజ్‌మెంట్, ఇంటికి వెళ్లేటప్పుడు చెప్పాల్సినవి. ఒక బొమ్మ తప్పకుండా. ఎక్కువమంది వైద్యం దగ్గరే రెండు పేజీలు ఖర్చుపెట్టి నర్సింగ్ మేనేజ్‌మెంట్ నాలుగు లైన్లలో ముగిస్తారు. మార్కులున్నది అక్కడే కాబట్టి సమయాన్ని తిరగేయండి.

మొదటి ఏడాదిలో బయోకెమిస్ట్రీ, బయోఫిజిక్స్ పేపరు విరామం తీసుకున్నవాళ్లకు కష్టం, మొదటి నెల నుంచే రోజుకు అరగంట ఇవ్వండి. సైకాలజీ, పిల్లల నర్సింగ్ మీకు సులువు, ఇంట్లో రోజూ చూసేవే. రెండో ఏడాదిలో నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ ఉంటుంది. మీన్, స్టాండర్డ్ డీవియేషన్, కై-స్క్వేర్ లెక్కలు చేత్తో పది సార్లు చేస్తే తప్ప నిలవవు. నర్సింగ్ ఎడ్యుకేషన్ పాఠం చెప్పే ప్రాక్టికల్ మాత్రం తల్లులు అలవోకగా చేస్తారు.

రెండు సబ్జెక్టుల కంటే ఎక్కువ పోతే తర్వాతి ఏడాదికి పంపరు. ఒక్కో సబ్జెక్టుకు మొదటిదాంతో కలిపి మూడు ప్రయత్నాలే, మొత్తం కోర్సు నాలుగేళ్లలో ముగియాలి. కాబట్టి ఒక ఏడాది ఇంట్లో పెద్ద కష్టం వచ్చి చదవలేకపోతే, అన్ని పేపర్లూ అరకొరగా రాయకండి, గట్టెక్కగలిగినవి గట్టిగా రాయండి. ప్రిన్సిపాల్‌కు విషయం ముందే చెప్పండి, ఫలితాలు వచ్చాక చెప్పేది సాకులా వినిపిస్తుంది.

ఫలితం వచ్చాక ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు తీసుకుని రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హత నమోదుకు వెంటనే దరఖాస్తు చేయండి. ఉద్యోగ నోటిఫికేషన్లు ఆ నమోదు తేదీని చూస్తాయి. ఎమ్మెస్సీకి వెళ్లాలనుకుంటే పోస్ట్ బేసిక్‌తో పాటు దానికి ముందో తర్వాతో ఏడాది అనుభవం అడుగుతారు, ఆ ఏడాది ఏ ఆసుపత్రిలో చేసినా చేరిన తేదీ, వదిలిన తేదీ, పడకల సంఖ్య ఉన్న పత్రం తీసుకోండి. దానితో పాటే కొత్త రెన్యూవల్ గడువు ఏ నెలలో పడుతుందో బీరువా తలుపు మీద రాసి పెట్టండి.